నీళ్లు చూసేవాడి దాహం

నాపరాళ్ల మీద ఎండ.

గోడలూ నాపరాళ్లే. ఇంటి కప్పులూ నాపరాళ్లే. దారి పక్కన పాతిన కంచె కూడా నాపరాళ్లే. మధ్యాహ్నానికి ఊరంతా పొయ్యి మీది పెనం అవుతుంది. బస్సు నన్ను దించి, నా మొహాన ఇంత దుమ్ము కొట్టి, మాచర్ల వైపు తిరిగి వెళ్లిపోయింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల దాకా ఎందుకు... ఈ ఊళ్లో మనుషుల పెదాలే పగిలి ఉన్నాయి.

నా పేరు ఇస్మాయిల్. మాది నకరికల్లు. కొబ్బరికాయ అరచేతిలో పడుకోబెట్టుకుని పొలంలో నడుస్తాను. కింద నీళ్లుంటే కాయ లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెడతాను. దాన్నే పాయింటు అంటారు. ఆ రాయి దగ్గరికే బోరు బండి వస్తుంది.

ఇదీ నా బతుకు. నీళ్లు లేని ఊళ్లే చూడడం. నీళ్లున్న ఊరివాళ్లకు నాతో ఏం పని?

అలసిపోయాను. బస్సుల్లో అలసిపోయాను, గట్ల మీద అలసిపోయాను. ఈమధ్య కూర్చున్నా అలసటే. చెయ్యి కూడా వణుకుతోంది...

మా పనిలో ఒక పట్టింపు ఉంది. నీళ్లు చూడ్డానికి వచ్చినవాడు పాయింటు పెట్టేదాకా గొంతు తడుపుకోడు. దాహంతో ఉన్నవాడికే నీటి జాడ తెలుస్తుందని మా నాన్న అనేవాడు. పాయింటు పెట్టకుండా నీళ్లడిగి తాగాడా — ఆ నేలలో చుక్క లేనట్టే. ఇక వేరే మాట అక్కర్లేదు. ఈ మెట్ట ఊళ్లలో ముసలీ ముతకా అందరికీ తెలిసిన సంగతే.

నన్ను పిలిపించిన కోటేశ్వరమ్మ తోట ఊరి చివర ఉంది. బత్తాయి తోట. ఆకులు ముడుచుకుపోయాయి. సగం చెట్లు అప్పుడే పుల్లలు. అంట్లు కడిగిన నీళ్లు, కాళ్లు కడిగిన నీళ్లు, అన్నీ మోసుకొచ్చి మొదళ్లలో పోస్తోంది ఆమె. గట్టెక్కి చూస్తే దూరంగా సాగర్ కుడికాలవ కట్ట కనపడుతుంది. కాలవ వదిలినన్నాళ్లూ నీళ్లు కళ్ల ముందే పోతాయట. ఈ మెట్టకు మాత్రం ఎక్కవు. వింటేనే నాకు ఒళ్లు మండింది.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది బాబాయ్ నా పని," అంది.

"నుయ్యే ఉంటే నన్నెందుకు పిలుస్తావమ్మా."

నవ్వింది. నవ్వితే ఆమె పెదవి చిట్లింది. కొంగుతో అద్దుకుంది.

ఆమె మొగుడు వెంకటాద్రి నరసరావుపేటలో మిల్లు బస్తాలు మోస్తున్నాడు. తోట బతికితే ఇంటికొచ్చేస్తాడు. ఇంట్లో మిగిలింది రెండు బర్రెలు. ఆ పాల మీదే రోజు గడుస్తోంది. నేను నీళ్లున్నాయంటే ఆ బర్రెలు అమ్మి బోరు వేయిస్తుంది. సాయంత్రం బేరగాడిని రమ్మంది కూడా. నీళ్లు పడితే తోట ఉంటుంది, మొగుడు వస్తాడు. పడకపోతే తోటా ఉండదు, పాలూ ఉండవు.

ఇదంతా తెచ్చి నా అరచేతిలో పెట్టింది ఆ మనిషి. పైన కొబ్బరికాయ పెట్టింది.

చెప్పులు విప్పాను. నడిచాను.

నేల కాలింది. కాయ పడుకునే ఉంది. వరస మార్చాను. కాయ పడుకునే ఉంది. కోటేశ్వరమ్మ నా వెనకే వస్తోంది. నన్ను చూడదు, చెట్లను చూడదు. కాయనే చూస్తోంది.

మణికట్టు ఒక్క పిసరు తిప్పితే చాలు, కాయ లేస్తుంది. అలా లేపి పొట్ట పోసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల గొడవ నాకెందుకు.

ఈశాన్యం మూల, ఎండిన చెట్టు దగ్గర — కాయ కదిలింది.

కదిలింది... లేవలేదు.

నీళ్లా? నా చెయ్యి వణికిందా? వెనక్కి వచ్చి మళ్లీ నడిచాను. ఈసారి కదల్లేదు. మళ్లీ నడిచాను. కదిలిందనిపించింది. మళ్లీ... కళ్లు బైర్లు కమ్మాయి. తల ప్రాణం తోకకొచ్చింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఏమన్నానో అన్నాకే నాకు తెలిసింది.

"కాసిని మంచినీళ్లు ఇయ్యమ్మా."

ఆమె అక్కడే నిలబడిపోయింది. తర్వాత పాకలోకి వెళ్లింది. ట్యాంకరు నీళ్లు, చెంబు నిండా తెచ్చింది. తెచ్చిందే గానీ ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"పాయింటు పెట్టలేదుగా బాబాయ్."

విన్నాను. విని కూడా చెంబు అందుకున్నాను. ఎత్తిన చెంబు దించకుండా తాగాను. గొంతు చల్లబడింది. కడుపు చల్లబడింది. అప్పుడు సిగ్గేసింది. ఆమె నా గొంతు కదలడమే చూస్తోంది.

చెంబు ఖాళీ అయ్యాక ఆమె చెట్టు మొదట్లో కూలబడింది. ఏడవలేదు. కాసేపు చేత్తో మట్టి గీకింది.

"ఒక్క మాట చెప్పు బాబాయ్. నీళ్లు లేవని తాగినావా... ఆగలేక తాగినావా?"

ఎన్ని ఊళ్లు తిరిగానో. ఈ మాట నన్నెవరూ అడగలేదు. లేవంటే బర్రెలు మిగులుతాయి, తోట పోతుంది. ఉన్నాయందామంటే ఆ మూల మీద నాకే నమ్మకం లేదు. ఏది చెప్పినా ఆమె నమ్ముతుంది. అదే నాకు భయమేసింది.

"నాకే తెలవట్లేదమ్మా," అన్నాను.

"నీకే తెలవకపోతే నేనెవుర్ని అడగాల?"

కోపంతో అనలేదు. నిజంగానే అడిగింది.

పొద్దు వాలింది. ఎండ తగ్గలేదు. ఇద్దరం ఆ ఎండిన చెట్టు కిందే కూర్చున్నాం. ఎవరికీ లేచే ఓపిక లేదు. చివరికి ఆమే లేచింది. పక్కన పడి ఉన్న కొబ్బరికాయ తీసుకుని, కొంగుతో మట్టి తుడిచి, నా ముందు పట్టుకుంది.

"ఇంకొక్కసారి నడువు."

"నీళ్లు తాగినోడి చెయ్యి పనికిరాదు కోటేశ్వరమ్మా. నీకూ తెలుసుగా."

"చానా తెలుసులే నాకు. నడువు."

లేచాను. కాయ అరచేతిలో పడుకుంది. చెయ్యి వణకకుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాను. డొంకదారిలోంచి బేరగాడి ఆటో హారన్ వినపడింది. ఒకసారి... మళ్లీ ఒకసారి.

కోటేశ్వరమ్మ అటు తిరగలేదు. కాయనే చూస్తోంది.