లోపలి గడియ

సంఘం నన్ను వెలివేసింది. వెలివేసినవాడితో నేరుగా మాట్లాడకూడదన్నది వాళ్ల నియమం. పని మాత్రం చేయించుకోవచ్చు. నేను వడ్రంగిని. మాట చేరవేయడానికి మధ్యలో ఒకరిని పెడతారు.

అందుకే ఆ ఆదివారం ప్రార్థన మందిరంలో సంఘం పెద్దాయన నాకు జానెడు దూరంలో నిలబడి నా కూతురితో అన్నాడు:

"ఈ గది తలుపుకి లోపలివైపు గడియ బిగించమని మీ నాన్నకి చెప్పమ్మా."

"నాన్నా, గడియ..."

"నాకు చెవులున్నాయే తల్లీ. ఎందుకో ఆయన్నడుగు."

ఎందుకో నాకు తెలుసు. ఎనిమిదేళ్లు నిండిన పిల్లల్ని ఒక్కొక్కరినే ఆ గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి పాపాలు చెప్పిస్తాడు. లోపలి మాట ఇంట్లో చెప్పకూడదు. "పసిపిల్లలతో మూసిన తలుపు వెనక పనేమిటి?" అని నా భార్య నిండు సభలో అడిగింది. మా ఇద్దరినీ వెలివేశారు. ఆమె పోయిన రోజు కూతురు రోడ్డుకి అవతల నిలబడి ఏడ్చింది. ఇవతలికి రాలేదు. అది నేను మరిచిపోలేదు.

ఆ రోజు వంతు మనవరాలిది. పిల్లలకి ఇంకా ఆ వెలి నియమం లేదు కనుక నా పనిముట్ల సంచి కెలుకుతోంది.

"తాతయ్యా, నాకు పాపాలేవీ దొరకట్లేదు. ఒకటి చెప్పవూ?"

"మొన్న నా కళ్లజోడు పిల్లికి పెట్టావుగా."

"అది ఊరుకుంది కదా! సగం పాపం దానిదే." గొంతు తగ్గించింది. "తలుపేస్తే భయం తాతయ్యా. అమ్మతో అనకు."

మరలు సంచిలో పడేశాను. పీట లాక్కుని గుమ్మంలో కూర్చున్నాను.

"గడియ పెట్టను. తలుపూ వెయ్యనివ్వను."

పెద్దాయన ముఖం కందగడ్డయింది. "లేవమని చెప్పు మీ నాన్నకి. లేకపోతే నీకూ అదే గతి."

కూతురు నా వంక చూడలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

"వెళ్లాలనుందా నీకు?"

"తలుపు తీసుంటే వెళ్తా."

"తలుపు తీసి పెడితే కుదరదు," అన్నాడు పెద్దాయన.

"ఎందుకు కుదరదండీ?"

అడిగింది నా కూతురు. అచ్చం వాళ్లమ్మ గొంతు. కూతురు పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

వీధిలో అంది: "ఇక మనతో ఒక్కరూ మాట్లాడరు నాన్నా."

"నేను మాట్లాడతాగా!" అంది పిల్ల.

"నీ ఒక్కదాని వాగుడు పదిమంది పెట్టు," అన్నాను.

కూతురు నవ్వబోయి ఏడ్చింది. "అమ్మ పోయిన రోజు నేను..."

"దానికి క్షమాపణ లేదు. పొద్దున్నించి ఏమైనా తిన్నావా?"

"లేదు."

"పద, ఇంటికి."