చీరల కంచెలో చిక్కిన జింకపిల్ల

మా శనగచేను చుట్టూ చీరలు కట్టిన మూడో రోజు, శనగ నడుమ వేసిన కంది సాలులో జింకపిల్లను మా కోడలు శివాని చూసింది.

మా కోసిగి ఊరి పక్క చేలకు పాత చీరలే కంచె. గాలికి కొంగులు ఎగురుతుంటే జింకలు బెదిరి దూరం నుంచే మళ్లిపోతాయి. కట్టే ముందు చేనంతా ఒకసారి తిరిగి చూడాల. ఆ పని నేను చేయలేదు.

జింకతల్లి పిల్లను మొక్కల్లో పడుకోబెట్టి తాను దూరంగా మేస్తుంది. తాను పక్కనే ఉంటే పిల్ల మీద కుక్కల కళ్లు పడతాయని. పాలిచ్చేదానికి మాత్రం వచ్చిపోతుంది. ఇప్పుడు చీరలకు జడిసి లోపలికి రాలేక గట్టు వెంబడి తిరుగుతా ఉంది. దాని వెనక మంద. చుట్టూ వానల్లేక ఎండిపోయిన చేలు, పచ్చగా ఉన్నది మాదొక్కటే. రోజూ చూసి చూసి వాటికి చీరల భయం కూడా తగ్గుతోంది. తూర్పు మూల ఒకటి అప్పుడే లోపలికి దూకి రెండు సాళ్లు కొరికేసింది.

కాయ పట్టేదానికి ఇంకా పదిహేను రోజులు కావాల. నా కొడుకు ఓబులేష్ ఊరి కూలోళ్లను తీసుకుపోయే మొదటి లారీలోనే గుంటూరు మిరప కోతలకు పోయినాడు. చేను పోతే శివాని కూడా మూడు నెలల బిడ్డనెత్తుకొని రెండో లారీ ఎక్కాల. పోయినేడు మా వీధి పసిబిడ్డ ఒకటి అక్కడి గుడారంలో జ్వరమొచ్చి చచ్చిపోయింది. నా మనవరాలిని పంపకూడదు, అంతే.

"అత్తా, ఒక్క చీర ఇప్పుతాం. తల్లి వచ్చి పాలిచ్చి పోతాది" అనింది శివాని.

"తల్లి ఒక్కటే వస్తాదా? దాని ఎనక నలభై ఉండాయి."

"పిల్ల ఆకలికి నిన్నట్నుంచి అరుస్తాండాది, అత్తా."

పక్క చేను పెద్ద ఈరన్న గట్టు మీద కూర్చొని నవ్వినాడు. "ఏం హులిగెమ్మక్కా, జింకలకు అంగన్‌వాడీ పెట్టినావంట! ఉగ్గు కూడా నువ్వే పెడతావా?"

"నీ చేన్లో గడ్డి కూడా లేదు, నవ్వుతాండావా?"

"లేదు కాబట్టే హాయిగా నిద్రపోతాండా." బీడీ ఆర్పి మళ్లీ అన్నాడు. "కుక్కలు ఒక్కదాన్ని పట్టినాయంటే మంద నెల దినాలు ఆ దిక్కు రాదక్కా. మనం ముట్టుకుంటే జైలు. కుక్కల మీద కేసు లేదు."

మధ్యాహ్నం ఈరన్న ఇంటికి పోయినాడు. శివాని బిడ్డకు పాలిచ్చేదానికి తుమ్మచెట్టు నీడకు పోయింది. నేను కంది సాలులోకి పోయినాను. పిల్ల చెవులు వాల్చి నేలకు అతుక్కొని ఉంది. కదలకుంటే ఎవరికీ కనపడనని దాని నమ్మకం. రెండు చేతులతో ఎత్తినాను. పాలనుకొని నా వేలు చప్పరించింది.

చీరల బయటికి తెచ్చి, కుక్కలు నీళ్లకు పోయే వాగు దారిలో పడుకోబెట్టినాను. ఎట్లా పెట్టినానో అట్లే ఉంది.

తల్లి చూసి పరుగున వచ్చింది. అది వచ్చినందుకే కుక్కలకు పిల్ల కనపడింది. నాలుగు కుక్కలు. తల్లి రెండుసార్లు వాటికి ఎదురుపోయింది. మూడోసారి పోలేదు. పిల్ల అరుపు చాలాసేపు వినపడింది. మంద తలలెత్తి చూసి, గుట్టల దిక్కు వరసగా వెళ్లిపోయింది. అన్నిటికన్నా వెనక తల్లి.

శివాని తుమ్మ కింద లేచి నిలబడి ఉంది. బిడ్డ ఇంకా పాలు తాగుతా ఉంది.

"నువ్వే పెట్టినావా అత్తా ఆడ?"

"ఊఁ."

"ఎందుకు?"

"నీ బిడ్డ కోసమే."

ఆ రోజు నుంచి ఆమె బిడ్డను నా ఒళ్లో పెట్టలేదు.

మంద మళ్లీ రాలేదు. కాయ పట్టింది. రెండో లారీ వచ్చిన పొద్దు శివాని మూట కట్టింది.

"చేను నిలబడింది గదమ్మా. ఎందుకు పోతాండావు?"

"నీ కొడుకు దగ్గరికి పోతాండా."

"బిడ్డనన్నా ఇడిసిపో. డబ్బాపాలు పడతా. ఆడ గుడారాల్లో శానా చలి."

శివాని బిడ్డను కొంగుతో రొమ్ముకు గట్టిగా కట్టుకుంది. "నీ దగ్గరనా?" అనింది.

పైనున్న ఆడోళ్లు చేతులిచ్చి ఆమెను లారీలోకి లాగినారు. ఆ ఏడు మా చేన్లో శనగ బాగా పండింది. పీకేదానికి నేనొక్కదాన్నే.