తొట్టిలో ఒక్క బుడగ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. కుర్చీ ఈడ్చకండి, ఎత్తి పెట్టుకోండి. ఈ కథలో వినాల్సిన చప్పుడు చాలా చిన్నది. నీళ్ళలోంచి బుడగ ఒకటి పైకొచ్చి పగిలే చప్పుడు. ఆ చప్పుడు కోసం ముప్పై ఎనిమిదేళ్ళు చెవి వంచిన మనిషి కథ ఇది.

ఆ రోజు ఎనిమిదింటికే తొట్టాయన మోచేతుల దాకా నీళ్ళలో ఉన్నాడు. ఓ పాత వ్యాను రేడియేటరును తొట్టిలో ముంచి, కింది మూతికి చెక్క బిరడా బిగించి, పై మూతిలోంచి గాలి పంపిస్తూ, నడుం వంచి చూస్తున్నాడు. ఎక్కడ చిల్లుంటే అక్కడ బుడగ లేస్తుంది. లేచిన చోటు వేలితో పట్టుకుని, పైకి తీసి తుడిచి, పసుపు మైనపు పెన్సిలుతో సున్నా చుడతాడు. చూడటానికి అంతే పని. ఆ తొట్టి ఒకప్పుడు ఎవరో ఉన్నవాళ్ళ స్నానాలగదిలోది. ఇల్లు కూలగొడుతుంటే కొనుక్కొచ్చాడు. నాలుగు కాళ్ళలో ఒకటి లేదు, అక్కడ రెండిటుకలు పెట్టాడు. ఆ వీధిలో ఆయన్ని తొట్టాయన అనే పిలిచేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండేదంతే.

సన్నగా, కాస్త ముందుకు వంగి, దేనికోసమో వెతుకుతున్నట్టుండేవాడు. వేళ్ళు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉండేవి. పెళ్ళయిన కొత్తలో ఆ చెయ్యి పట్టుకుని భార్య, "ఇప్పుడే స్నానం చేశారా?" అని అడిగిందట. అప్పటికి ఆయనకు నలభై ఒకటి. ఎందుకంత ఆలస్యమైందో తర్వాత చెబుతాను.

ఆ ఇల్లాలే ఆ పొద్దున గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఇవాళ మానెయ్యకూడదూ? మెట్ల మీద రెండుసార్లు ఆగారు," అంది.

"రెండోసారి చెప్పులో రాయి పడింది."

"మరి మొదటిసారో?"

"ఆ రాయి వస్తుందేమోనని ఆగాను."

ఆవిడ నవ్వలేదు. క్యారేజీ చేతికిచ్చి, ఆయన వీధి మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడింది.

షాపు మేనల్లుడిది. నలభై దాటినవాడు, నోరు మంచిదే కానీ నిలవదు. మావయ్య చెయ్యి లేకపోతే షాపు లేదని వాడికి తెలుసు, ఆ మాట ఎప్పుడూ అనలేదు. ముందురోజు సాయంత్రం వాడి షాపులోకి ఓ స్పోర్ట్స్ కారు వచ్చింది. ముదురాకుపచ్చ రంగు, నేలకు జానెడెత్తు, ఇంత పొడుగు బానెట్టు. దాని రేడియేటరు నిలువునా పగిలింది. కారు ఓ పళ్ళ డాక్టరమ్మది. పదేళ్ళు ఆశపడి, ఎవరో వాడిందాన్ని కొనుక్కుంది.

పదింటికి డాక్టరమ్మ తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన నలభై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. ఆ ఆసుపత్రి కొండకు అవతల ఉంది, ఆ సాయంత్రం ఏడింటికల్లా చేర్చాలి.

"బస్సులో వెళ్ళకూడదా అమ్మా?" అన్నాడు తొట్టాయన.

కూతురు నోరు తెరిచేలోపే తండ్రి అందుకున్నాడు. "ఆ కొండ నేను ఎన్నిసార్లు ఎక్కానో నాకే తెలీదయ్యా. ఎప్పుడు చూసినా వెనకాల పది టన్నులు, ముందర మలుపు. లోయ వైపు తల తిప్పిన పాపాన పోలేదు. ఒక్కసారి పక్క సీట్లో కూర్చుని తీరిగ్గా చూడాలి. రేపటి తర్వాత చూపు ఉంటుందో ఉండదో డాక్టర్లకే తెలీదట."

తొట్టాయన ఆయన కంటి వైపు కాస్త ఎక్కువసేపే చూశాడు.

మేనల్లుడు రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి చవకది. మధ్యలో నీళ్ళు పారే జల్లెడ పలుచన, రెండు పక్కలా ప్లాస్టిక్ డబ్బాలు. రెండోది నాలుగింతల ధర. అంతా అల్యూమినియం, చేత్తో వెల్డింగు చేసింది, జల్లెడ రెండు వేళ్ళ మందం. తళతళలాడుతోంది.

"ఈ చవకది నేనైతే మా స్కూటరుక్కూడా పెట్టను మేడమ్," అన్నాడు మేనల్లుడు.

"నీ స్కూటరుకి రేడియేటరే లేదు కదరా," అన్నాడు తొట్టాయన.

డాక్టరమ్మ నవ్వి, "నాన్న ఎక్కుతున్నాడు, ఖరీదైనదే పెట్టండి," అంది. తొట్టాయనా తలూపాడు. ఈ ఇంజను వేడి ఎక్కువ, మందపాటిదే దీనికి తగినది. అంతవరకూ అందరిదీ ఒకే మాట.

దాన్ని ఎత్తుకుని ఆయన కారు దగ్గరికి కాకుండా తొట్టి దగ్గరికి నడిచాడు.

"మావయ్యా, కొత్తది! లోపల కాగితం కూడా ఉంది, పరీక్ష చేశామని."

"కాగితాన్ని ముంచను లేరా. దీన్నే ముంచుతా."

ఎడమ చెయ్యి బరువుగా ఉంది, సరుకు కుడి చేత్తో దించాడు. మూతులు బిగించి గాలి వదిలాడు. నీళ్ళు నిలకడకొచ్చాయి. మెల్లగా లోపలే లెక్కపెట్టాడు. ముప్పై. అరవై. వంద. ఏమీ లేదు. మేనల్లుడు గడియారం చూసుకున్నాడు. నూట నలభై దగ్గర, పై అంచున వెల్డింగు మలుపు తిరిగేచోట, ఆవగింజంత మెరుపు కనిపించింది. అది పెరిగి, తెగి, పైకొచ్చి, టిప్పున పగిలింది.

ఆయన మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మళ్ళీ అక్కడే.

మేనల్లుడు పక్కకు లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు. "ఆమె వినేలా మాట్లాడకు. ఒక్క బుడగ! చిల్లు పూడ్చే పొడి పోస్తే మూసుకుపోతుంది. ఇదొక్కటే ఉంది, ఇంకోటి రావాలంటే నాలుగు రోజులు. చవకది చెత్త అని నా నోటితో నేనే అన్నాను కదా, ఇప్పుడేం చెప్పమంటావు?"

"ఆ మాటే చెప్పు. తప్పుగా అన్నానని."

"అదేదో నువ్వే చెప్పు."

తొట్టాయన వెంటనే కదల్లేదు. చవకదాన్ని చూశాడు. అంత పలుచని జల్లెడ, అంత నిటారు కొండ. ఇది పెట్టి పంపితే వేడెక్కుతుంది, అందులో అనుమానం లేదు. అది పెట్టి పంపితే కారుతుంది. ఏది పెట్టినా పంపేది తనే. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుంది.

నలభై ఒకటి దాకా పెళ్ళెందుకు కాలేదో ఇప్పుడు చెబుతాను. ఆయనకో తమ్ముడుండేవాడు, టాక్సీ నడిపేవాడు. ఓ రోజు తొందరలో ఉన్నాడు. అన్న పెట్టె విప్పి కొత్త రేడియేటరు బిగించాడు. ముంచలేదు. "కొత్తదేగా," అన్నాడు. తమ్ముడి నోట రావాల్సిన మాట తన నోట వచ్చింది. అది కనిపించకుండా కారింది. నీళ్ళు తగ్గిపోయాక వేడి చూపే ముల్లుకు తగిలేందుకు నీళ్ళే లేవు, అది కిందికి పడిపోయింది. చల్లారిందనుకుని తమ్ముడు మూత తిప్పాడు. ఆవిరి మొహానికి కొట్టింది. రెండు కళ్ళూ పోయాయి. పంతొమ్మిదేళ్ళు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని బతికాడు, అతను పోయే దాకా అన్న పెళ్ళి మాట ఎత్తలేదు. అన్న రోజూ ఇంటికొచ్చి, ఇవాళ ఎన్ని బుడగలు దొరికాయో చెప్పేవాడు. తమ్ముడు ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. పట్టుంటే బాగుండేదని తొట్టాయన తన భార్యతో ఒకసారి అన్నాడట.

తొట్టాయన డాక్టరమ్మను తొట్టి దగ్గరికి పిలిచాడు. "ఇటు వంగి చూడండమ్మా. మాట్లాడకండి."

ఆమె వంగింది. తండ్రీ వంగాడు, ఆయనకు ఆనలేదు కానీ చప్పుడు విన్నాడు. "కారుతోంది!" అన్నాడు.

"ఇంత చిన్నదా?" అంది ఆమె. "దీనికేమవుతుంది?"

"పంటిలో ఇంతే చిల్లుంటే మీరేం చేస్తారు? నొప్పి లేదుగా అని పంపేస్తారా?"

ఆమె మళ్ళీ నీళ్ళ మీదికి వంగింది.

"ఇది కారితే చెప్పకుండా కారుతుంది. నీళ్ళు పోయాక ముల్లు కూడా అబద్ధం చెబుతుంది. చవకది పలుచన, కొండ మీద వేడెక్కుతుంది. కానీ అది వేడెక్కితే ముల్లు చూపిస్తుంది, మీరు ఆగుతారు. చెప్పి ఇబ్బంది పెట్టేదాన్నే నేను నమ్ముతాను. దాన్నింకా ముంచలేదు, ముంచాకే మాట."

"ఇందాక స్కూటరుకి కూడా పెట్టనన్నారు?" అని ఆమె మేనల్లుడి వైపు తిరిగింది.

మేనల్లుడు మెడ రుద్దుకున్నాడు. "నోరు జారాను మేడమ్. మావయ్య తొట్టిలో ముంచాకే మాట్లాడాల్సింది."

చవకదాన్ని ఒకసారి కాదు, మూడుసార్లు ముంచాడు. ప్లాస్టిక్ వేడికి సాగుతుందని, లోపల మరిగిన నీళ్ళు పోసి, ఒంపి, వెంటనే గాలి పెట్టి మళ్ళీ ముంచాడు. మూడు వందల దాకా లెక్కపెట్టాడు. తొట్టి అద్దంలా నిలిచింది.

"పెట్టండి," అంది డాక్టరమ్మ. గొంతులో భయం ఉంది, అయినా అంది.

బిగించడానికి రెండు గంటలు పట్టింది. పలుచనిదాని చుట్టూ సందులన్నీ స్పాంజి ముక్కలతో మూశాడు, వచ్చే గాలి పక్కలకు పారిపోకుండా జల్లెడలోంచే పోవాలని. అరగంట ఇంజను ఆడించి చూశాడు. మధ్యలో రెండుసార్లు స్టూలు మీద కూలబడ్డాడు.

"అంత చెమటేంటి మావయ్యా?"

"ఇంజను పక్కన నిలబడితే మంచు పడుతుందా?"

ఆఖర్న జేబులోంచి సన్నటి తీగ తీసి, రేడియేటరు మూతను దాని మెడకు కట్టి, ఏడు మెలికలు తిప్పాడు. తమ్ముడి తర్వాత ఆయన చేతిలోంచి తీగ లేని మూత బయటికి పోలేదు.

లారీ డ్రైవరు తడిమి చూశాడు. "ఇదేంటయ్యా, కుక్కకి గొలుసేసినట్టు?"

"కుక్కకి కాదు, నీ చేతికి. బండి ఆగితే డ్రైవరు చెయ్యి మూత మీదికే పోతుంది."

"నా చెయ్యి సంగతి నీకెలా తెలుసు?"

"మా తమ్ముడూ డ్రైవరే."

డాక్టరమ్మకు ఒక్కో మాట ఒత్తి చెప్పాడు. "చిన్న గేరులో ఎక్కండి. ముల్లు సగం దాటిందా, ఆగిపోండి. మూత జోలికి పోకండి. పైకి చేరగానే ఫోను చెయ్యండి. మర్చిపోకండమ్మా."

రెండింటికి కారు కదిలింది. తండ్రి పక్క సీట్లో కూర్చుని, పొడుగు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక మోకాళ్ళు గడ్డానికి ఆనించుకున్నాడు. తొట్టాయన మలుపు దాకా చూశాడు.

క్యారేజీ విప్పలేదు. చిల్లున్న ఖరీదైనదాన్ని మళ్ళీ తొట్టిలో దించి, స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు. మూడయింది. మూడున్నరకి కొండ మొదలవుతుంది. ఫోను మోగింది, ఎవరో టైర్ల కోసం. నాలుగుకి మళ్ళీ మోగింది, మేనల్లుడి భార్య.

"పెట్టెయ్, లైను ఖాళీగా ఉంచు!" అని అరిచాడు తొట్టాయన. ఆయన అరవడం మేనల్లుడు ఎప్పుడూ వినలేదు. భయపడి పెట్టేశాడు.

నాలుగుంపావు. నాలుగున్నర. ఈపాటికి చేరి ఉండాలి. తొట్టిలో బుడగ లేచింది, పగిలింది. మళ్ళీ లేచింది. ఆయన చెయ్యి తొట్టి అంచును గట్టిగా పట్టుకుంది.

అయిదుకు పది నిమిషాల ముందు ఫోను మోగింది. మేనల్లుడు విన్నాడు, మొహం విచ్చుకుంది, కౌంటరు దగ్గర్నుంచే కేకేశాడు.

"మావయ్యా! పైకి చేరారు! సగం కొండలో ముల్లు లేచిందట, ఆగారట. నాన్నగారు ఊరుకుంటేనా? మూత తీస్తానని వెళ్ళాడట! రెండు మెలికలు విప్పి, మూడోది గోటికి గుచ్చుకుంటే నిన్ను తిట్టి, విసుగొచ్చి, రాయి మీద కూర్చుని లోయ చూశాడట. అరగంట చూశాడట! మెలికలన్నీ విప్పుంటే మొహం కాలిపోయేదని ఇప్పుడు నవ్వుతున్నాడు. ముల్లు దిగింది. ఇక అంతా దిగుడే!"

తొట్టాయన వెనక్కి తిరగలేదు. కుడి చేతి వేలొకటి పైకెత్తాడు. విన్నానని చెప్పడానికి ఆయన అలవాటు అది.

మేనల్లుడు ఇంకెవరికో చీటీ రాసి, రెండు టీలు తెప్పించి, పదిహేను నిమిషాలకు వెనక్కి వచ్చాడు. మావయ్య తల గోడకు ఆనించుకుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి, ముడతలు పడి, తడిగా. మైనపు పెన్సిలు వేళ్ళ మధ్య నుంచి జారి నీళ్ళ మీద తేలుతోంది. రేడియేటరు తొట్టి అంచుకు చేరవేసి ఉంది, తుడిచి ఉంది. టీ అక్కడే చల్లారిపోయింది. ఇంటికి కబురు మేనల్లుడే తీసుకెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉందట.

ఆ డ్రైవరు కంటి సంగతి అడుగుతారని నాకు తెలుసు. సగం చూపు దక్కింది. రెండు నెలలకు షాపుకొచ్చాడు. తిట్టినందుకు క్షమించమని అడగడానికి వచ్చాడట. అడగాల్సిన మనిషి లేడని అక్కడే తెలిసింది. చాలాసేపు తొట్టి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఇప్పుడు మేనల్లుడు పెట్టెలోంచి ఏది తీసినా ముందు ముంచుతాడు, నోటితో కాదు, తొట్టితో మాట్లాడతాడు.

ఈ కథ మీలోనే ఉంచుకోకండి. ఎవరైనా "కొత్తదేగా" అంటున్నప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. నాకున్నన్ని మాటలు మీకు అక్కర్లేదు. తమ్ముణ్ణి మరిచిపోకండి, ఏడు మెలికలు మరిచిపోకండి, చివర్న ఆ గోడ చూపించండి. ఖరీదైన రేడియేటరును మేనల్లుడు వెనక్కి పంపలేదు, తొట్టి పైన గోడకున్న మేకుకు తగిలించాడు. ఎంత దగ్గరగా వెళ్ళి చూసినా అందులో చిల్లు ఎవరికీ కనిపించదు, దాని చుట్టూ చెయ్యి వణకకుండా గీసిన పసుపు సున్నా తప్ప.