జబ్బు లేని మనిషి

జిలానీ బాషా తువాలు భుజాన వేసుకుని తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. గదిలోని మిగతావాళ్ళు బయట స్నానాల వరసలో ఉన్నారు. వెనక పోశయ్య గోడవైపు తిరిగి, బనీను జేబులోంచి గుండె మాత్ర తీసి గుటుక్కున మింగాడు. ఏళ్ళ తరబడి రోజూ ఇదే తంతు. గుండె జబ్బని తెలిస్తే కంపెనీ ఊరికి పంపేస్తుంది.

"అయిందా పోశన్నా? కొత్త పెండ్లికూతురికి గూడా ఇంత సిగ్గుండదు."

"నవ్వకు తమ్మీ. ఎవలకన్న చెప్పినవో, నా మీద ఒట్టే."

దుబాయ్‌లోని జెబెల్ అలీ గోదాములో ఆగస్టు ఎండకు ఇనుప రేకులు కాలిపోతున్నాయి. ఎముకలు తేలిన భుజాలతో పోశయ్య పెట్టెలు మోస్తూనే ఉన్నాడు. ఎవరితోనూ మాట పడని మనిషి; సూపర్‌వైజరుకు అతని పేరు కూడా తెలియదు. మధ్యాహ్నం తిన్నది కక్కేశాడు. తాగిన నీళ్ళూ నిలవలేదు.

తిరిగొచ్చే బస్సులో కళ్ళు నులుముకున్నాడు.

"లైట్లన్నీ పసుపుపచ్చగ కొడుతున్నయేందిర?"

"కండ్లకు పసుపు పూసుకున్యావేమో. ఆస్పత్రికి పోదాం పాన్నా."

"పోతే గుండె సంగతి బయటపడ్తది. పండుకుంటే అదే తగ్గుతది."

తెల్లారి పోశయ్య లేవలేదు.

కొన్నాళ్ళకు పోలీసు అధికారి జిలానీని పిలిపించాడు. శవం తొడ నరంలోంచి తీసిన రక్తంలో గుండె మందు మోతాదు మించి ఉందని ల్యాబు తేల్చింది. పక్కనే కంపెనీ మేనేజరు, అందరూ ముదీర్ అనే అరబ్బు, కూర్చున్నాడు.

"ఇతనికి గుండె జబ్బుందా?" హిందీలో అడిగాడు అధికారి.

జబ్బు దాచి పని చేశాడంటే పోశయ్య భార్య లక్ష్మవ్వకు పరిహారం పైసా రాదని జిలానీ భయపడ్డాడు. ఒట్టూ గుర్తొచ్చింది.

"జబ్బేంది సార్! రాయిలాంటి మనిషి."

అధికారి నిట్టూర్చాడు. "రోజూ వాడేవాడైతే, ఎండకు ఒంట్లో నీరు తగ్గి మందు పేరుకుపోయిందనుకునేవాళ్ళం. జబ్బు లేనివాడు ఈ మందు మింగాడంటే, చావడానికే."

"లేదు సార్! దినామూ మింగేవాడు. నేనే అడ్డం నిలబడేవాణ్ణి!"

"ఇప్పుడే కదా లేదన్నావు?" ముదీర్ లేచాడు. "ఖలాస్. యల్లా, పనికి పో."

నీ మొగుడు తానే ప్రాణం తీసుకున్నాడట అని లక్ష్మవ్వకు ఫోనులో చెప్పవలసిన పనీ జిలానీకే పడింది. గది ఖాళీ అయ్యేదాకా ఆగి, పొయ్యి పక్కన కూర్చున్నాడు.

మర్నాటి వంట తన వంతని ఆ చివరి రాత్రి పోశయ్య నానబెట్టిన చింతపండు గిన్నె ఎవరూ ముట్టక అక్కడే ఉంది, పైన తెల్లటి బూజు పొర కట్టి.