సంతోషంగా అంగీకరించిన సిబ్బంది

పత్రికాఫీసు గేటు దగ్గర వేలిముద్ర యంత్రం మీద మెషీన్ మేస్త్రీ మూడోసారి వేలు పెట్టాడు. మూడోసారీ ఎర్రలైటే వెలిగింది. వేలు చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ముప్ఫై ఒక్కేళ్లుగా సిరాలో నాని ఆ వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఎడమచేతికి రెండు వేళ్లయితే అసలు లేవు. అచ్చు యంత్రం రోలర్ల మధ్య పోయాయి.

"తప్పు వేలిది కాదు బాబాయ్," అన్నాడు గార్డు నేలచూపులు చూస్తూ. "లిస్టులోంచి నీ పేరు తీసేశారు. కార్డు ఇచ్చేసి వెళ్లమన్నారు."

"ఎవరు?"

"పైనుంచి మెసేజ్ వచ్చింది."

"పైనుంచంటే? దేవుడా?"

వెనక లైన్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మేస్త్రీ మెడలో కార్డు తియ్యబోతే తాడు చెవికి చిక్కుకుంది. అంతమందిలో ఒక్కరు కూడా ముందుకొచ్చి ఆ తాడు విడదియ్యలేదు. ఆయన తర్వాత నిలబడ్డది ప్రూఫక్క. ఆమె వేలు పెట్టింది. పచ్చలైటు వెలిగింది. నోరెత్తకుండా లోపలికి వెళ్లిపోయింది. మెట్లెక్కుతుంటే మాత్రం ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది.

ఆ పత్రికలో ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి ఆమె. ఎవరు ఏ అబద్ధం ఆడినా అందులో అచ్చుతప్పు లేకుండా చూడడం ఆమె ఉద్యోగం. మంత్రి ప్రసంగంలో దీర్ఘాలు సరిచేసింది, కాంట్రాక్టర్ పుట్టినరోజు ప్రకటనలో ఒత్తులు సరిచేసింది. సొంతంగా ఒక్క వాక్యం రాయమని ఆమెను ఎవరూ అడగలేదు.

పదింటికి అందరినీ హాల్లోకి పిలిచారు. పత్రిక పెట్టిన పెద్దాయన పోయాక కుర్చీ ఎక్కిన కొడుకును అందరూ చిన్నబాబు అనేవారు. తన పత్రికలో సినిమా పేజీ తప్ప ఇంకో పేజీ తిప్పి ఎరగడు. పక్కన తెల్ల బూట్ల సలహాదారు ఒకడు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. అన్నింట్లోనూ గీతలు కిందికే దిగుతున్నాయి.

"కాగితం చచ్చిపోయింది," అన్నాడు చిన్నబాబు. "దాన్ని గౌరవంగా సాగనంపుదాం. రేపటిదే చివరి సంచిక. ఇక మన భవిష్యత్తు ఫోన్లో."

"చచ్చిపోయిందా, చంపారా బాబూ?" అని వెనకనుంచి బైండింగ్ పెద్దమ్మ అడిగింది. చిన్నబాబు వినబడనట్టు నీళ్లు తాగాడు. ఆ ఇంట్లో వాళ్లందరికీ అదొక విద్య.

గంట గడిచేసరికి ఎడిటర్ ప్రూఫక్కను గదిలోకి పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. మొదటి పేజీలో పెట్టడానికి పాఠకులకు విన్నపం.

"త్వరగా చూసివ్వమ్మా. పొద్దుండగానే అచ్చయిపోవాలి. సాయంత్రానికి మెషీన్ గది ఖాళీ చేయించాలట."

ఆమె నిలబడే చదివింది. మూడో వాక్యం దగ్గర కళ్లు ఆగిపోయాయి. 'ఈ చారిత్రక నిర్ణయానికి సిబ్బంది అందరూ సంతోషంగా అంగీకరించారు.'

"ఇందులో తప్పుంది సార్."

"ఎక్కడ? ఒత్తా?"

"ఒత్తు కాదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు."

ఎడిటర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నీతి గురించి వారం వారం సంపాదకీయం రాసే మనిషి. "నీ పని అక్షరాలు చూడడమమ్మా, అర్థాలు కాదు," అన్నాడు.

ఇరవై ఆరేళ్లుగా ఆ మాట ఎవరూ పైకి అనకుండానే ఆమె దాని ప్రకారం నడుచుకుంది. ఇప్పుడు చెవులారా వినేసరికి మండుకొచ్చింది. కాగితం మడతపెట్టి జాకెట్లో దోపుకుని, మెట్లు దిగి తిన్నగా కాగితం గోదాములోకి వెళ్లింది.

అక్కడ అప్పటికే నలభై మంది దాకా పోగయ్యారు. పక్క షట్టర్ ఎత్తి మేస్త్రీని కూడా లోపలికి తెచ్చారు. ప్రూఫక్క ఆయన ముఖం చూడలేకపోయింది. "బాబాయ్, పొద్దున నేను..." అని నసిగింది.

"వదిలెయ్యమ్మా. నాలుగేళ్ల కిందట విలేకర్లను తీసేసినప్పుడు నేనూ ఇట్లాగే మెషీన్ తుడుచుకుంటూ కూర్చున్నా."

ఆమె కాగితం తీసి గట్టిగా చదివింది. సంతోషం దగ్గరికి రాగానే గోదాము గొల్లుమంది. తిట్లు మొదలయ్యాయి.

"దీనంతటికీ ఆ ఫోన్లే కారణం!" అని అచ్చు ప్లేట్లు చేసే అతను అరిచాడు. "ఇదిగో, వెబ్ డెస్క్ వాళ్లు! మన నోట్లో మట్టికొట్టింది వీళ్లే!"

మూలన నిలబడ్డ వెబ్ డెస్క్ పిల్ల ముందుకొచ్చింది. "అవునన్నా, మా ఇంట్లో పేపర్ వేయించుకోం. అబద్ధమెందుకు? కానీ నీ నోట్లో మట్టి కొట్టి నేను తింటున్నదేంటో చూస్తావా? రోజుకి నలభై వార్తలు. బయటికెళ్లి ఒక్క మనిషిని అడిగింది లేదు. పక్కవాడిది దించి, హెడ్డింగుకు మసాలా కొట్టడమే. ఇప్పుడు అది కూడా కంప్యూటరే చేసుకుంటుందట. వచ్చే నెల మా తొమ్మిది మందిలో ఆరుగురు బయటికి. మాకు వేలిముద్ర కూడా లేదు, కాంట్రాక్టు బతుకులు."

ప్లేట్ల అతను పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"మా అమ్మాయి కూడా ఫోన్లోనే చదువుతుంది," అంది ప్రూఫక్క నెమ్మదిగా. "చదవనీ. ఫోన్ మనకు శత్రువు కాదు. వార్త మానేసింది ఎవరు? ఊళ్లల్లో విలేకర్లను తీసేశారు. రంగుల ఫ్యాక్టరీ నీళ్లు కాలనీలోకొచ్చి పిల్లలు ఆస్పత్రి పాలైతే, ప్రకటన పోతుందని మనం ఒక్క ముక్క వెయ్యలేదు. ఆ కాలనీ వాళ్లు పేపర్ మానేశారు. చదవడానికేమీ లేకుండా చేసి, చదివేవాళ్లు లేరంటున్నారు!"

"అదీ కాదమ్మా," అన్నాడు పేపరాయన. ఊళ్లో పేపర్లు వేసేవాళ్లందరికీ పెద్ద అతను. "మొన్నటి నుంచి ఈ గోదాము చుట్టూ టేపులతో కొలుస్తున్నారు చూశారా? ఇక్కడ పన్నెండంతస్తుల అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. కొలిచినవాడు మా వీధివాడే. ఫోనూ లేదు, భవిష్యత్తూ లేదు. నేల కావాలి వాళ్లకి."

ఒక్కసారే అందరూ మాట్లాడారు. కోర్టుకెళదామన్నారు, చిన్నబాబు తల్లిని బతిమాలదామన్నారు. మేస్త్రీ లేచాడు.

"బతిమాలడం అయిపోయింది. చివరి సంచిక వెయ్యాల్సింది మనమేగా? వేద్దాం. ఆ విన్నపం తీసేసి, అక్కడ మన మాట వేద్దాం."

డెస్కులో పనిచేసే కవిగారు వెంటనే కలం తీశాడు. 'చరిత్ర రథచక్రాల కింద నలిగిన అక్షర సైనికులం' అని ఎత్తుకోగానే బైండింగ్ పెద్దమ్మ ఆపేసింది. "అయ్యా, రథాలూ సైనికులూ మనకెందుకు? మా ఇంట్లో చదివితే అర్థమయ్యేట్టు రాయరాదూ?"

అందరూ ప్రూఫక్క వైపు తిరిగారు. ఆమె బల్ల మీద కూర్చుంది. మొదటి వాక్యం రెండుసార్లు కొట్టేసింది. తర్వాత ఆగలేదు.

'ఈ సంచికతో ఈ పత్రికను మూసేస్తున్నారు. మేం ఒప్పుకున్నామని యజమాని చెబుతున్నాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేం ఒప్పుకోలేదు. మీరు చదవడం మానేశారని చెబుతున్నాడు. మీ విలేకరులను తీసేసి, మీ కాలనీల వార్తలు దాచిపెట్టి, ముందు మిమ్మల్ని వదిలేసింది ఆయనే. ఈ స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టడానికి కొలతలు తీసుకున్నారు. మీ వార్తలు దాచడంలో మాకూ భాగం ఉంది. మీ కాలనీ వార్త దిద్దిన చేత్తోనే పక్కన పెట్టేశాం. అందుకు క్షమించమని అడుగుతున్నాం. మేం గేటు దగ్గరే ఉంటాం. రండి. ఇట్లు, రాసేవాళ్లు, దిద్దేవాళ్లు, అచ్చువేసేవాళ్లు, పంచేవాళ్లు.'

ప్లేట్ల అతను దానికి ప్లేటు చేశాడు. మూడింటికి మెషీన్ కదిలింది. నేల అదిరింది. మొదటి కాపీ వేడివేడిగా ప్రూఫక్క చేతికొచ్చింది. సిరా ఆమె చీరకంటింది.

ఎడిటర్ పరిగెత్తుకొచ్చాడు. పదకొండేళ్లలో ఆయన మెషీన్ గదిలోకి రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఫొటోగ్రాఫర్ వెంట ఉన్నాడు.

"ఆపండి! ఆపండంటున్నా!"

"ఆపే బటన్ ఎక్కడుందో తెలిస్తే మీరే ఆపండి సార్," అన్నాడు మేస్త్రీ.

ఎడిటర్ నిజంగానే వెతికాడు. పాపం, ఒక దీపం స్విచ్చి నొక్కాడు. ట్యూబులైటు ఆరింది. మెషీన్ హోరును మించి నవ్వులు లేచాయి.

పైన వెబ్ డెస్క్ పిల్ల అదే మాటను పత్రిక వెబ్‌సైట్ నెత్తిన పెట్టి, పాస్‌వర్డ్ మార్చేసింది. పావుగంటలో ఊరంతా చదివింది. చిన్నబాబు గత్యంతరం లేక, ఫోన్లో ఉందన్న తన భవిష్యత్తును తనే తీగలు పీకించి ఆపించుకున్నాడు. పోలీసులొచ్చేసరికి పేపరాయన మనుషులు వెనక గోడ మీదుగా సైకిళ్లకు కట్టలు ఎక్కించేశారు.

గేటు దగ్గర ఎనిమిది మందిని పట్టుకున్నారు. మేస్త్రీని చొక్కా పట్టి ఈడ్చారు. అడ్డుపడిన వెబ్ డెస్క్ పిల్లను జుట్టు పట్టి వ్యాను ఎక్కించారు. ప్రూఫక్క తనంతట తనే ఎక్కింది. అప్పటికే రోడ్డుకవతల జనం పోగవుతున్నారు. రంగుల ఫ్యాక్టరీ కాలనీ ఆడవాళ్లు చేతుల్లో పేపర్లతో నిలబడి ఉన్నారు.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ కాళ్లు బల్ల మీద పెట్టుకుని నవ్వాడు. "ఏం సాధించారు? రేపు ఏ పేపర్లోనైనా మీ ముక్క వస్తుందనుకుంటున్నారా? మీ ఓనరూ, మిగతా ఓనర్లూ ఫోన్లో మాట్లాడుకున్నారు. పొద్దునలేస్తే ఒకడి మీద ఒకడు రాసుకుంటారు గానీ, ఇట్లాంటి దానికి అందరూ అన్నదమ్ములే."

అది నిజమే. ప్రూఫక్క గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కనున్న వెబ్ డెస్క్ పిల్ల పెదవి మీద కారుతున్న నెత్తురు తన కొంగుతో తుడిచింది. భయం వేసింది. ఇంటి దగ్గర కూతురు ఎదురుచూస్తూ ఉంటుంది.

ఏడు దాటాక బయట గోల వినిపించింది. పేపరాయన కిటికీ ఊచలు పట్టుకుని రొప్పుతూ అరిచాడు.

"మేస్త్రీ! పోటీ పేపరు వాళ్ల మెషీన్ ఆగింది! పై ఊళ్లకు పోయే ఎడిషన్ వెయ్యమంటే అక్కడి అచ్చు పనివాళ్లు మెషీన్ తిప్పలేదు. మీ అరెస్టు మొదటి పేజీలో పెడితేనే స్విచ్ వేస్తామన్నారు!"

ఇన్‌స్పెక్టర్ కాళ్లు బల్ల మీంచి దిగాయి. ఫోన్ మోగితే ఎత్తాడు. అవతల ఎవరో పెద్దగొంతుతో తిడుతుంటే లేచి నిలబడి "సార్, సార్" అంటున్నాడు.

మేస్త్రీ ఊచల దగ్గరికి వెళ్లాడు. "అదొక్కటేనా?"

"రెండో పేపరుదీ ఆగింది. మూడోదాని గేటు దగ్గర వెబ్ వాళ్లు బైఠాయించారు, లోపలి అచ్చు పనివాళ్లతో ఇంకా మాట్లాడుతున్నారు."

"మాట్లాడడం కాదు," అంది ప్రూఫక్క లేచి నిలబడి. "మేం రాసిన కాగితం వాళ్లకి చదివి వినిపించు. గట్టిగా. నువ్వే వెళ్లు."