చెక్క సొరంగం

నా భార్య చేయని తప్పు మోసుకుంటూ పోయింది.

ఆ తప్పు ఆమె నెత్తిన పెట్టింది మా అక్క. ఇందులో వాదన లేదు. విన్నవాణ్ణి నేనే.

అప్పటికి మా మనవరాలికి నాలుగేళ్ళు. ఉడుత అంటాం అందరం — ఒక్క చోట నిలవదు. కాళ్ళు పరుగెత్తేవి. చేతులు పరుగెత్తేవి. మాట ఒక్కటే వెనకబడేది. రెండు ముక్కలు పలికి, మూడో ముక్క కోసం గాలిలో వెతికేది... దొరక్క, నా చొక్కా అంచు పట్టుకుని లాగేది.

చెవులు బాగున్నాయన్నారు డాక్టర్లు. తెలివి బాగుందన్నారు.

మా అమ్మాయిది షిఫ్టుల ఉద్యోగం. పిల్లను పెంచింది నా భార్య. తక్కువ మాట్లాడే మనిషి. పెళ్ళైన కొత్తలో నా మీద ఏదో కోపం కాబోలనుకుని ఆర్నెల్లు బతిమాలాను. కోపం లేదు. ఆమె అంతే.

ఒక పూట మా అక్క వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుని, అందరి ముందూ అనేసింది.

"ఇంట్లో నోరు విప్పే మనిషంటూ ఉంటే కదా, పిల్లకు మాటలొచ్చేది."

నా భార్య తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

మర్నాటి నుంచి మాట్లాడటం మొదలుపెట్టింది.

లేచింది మొదలు మాటలే. ఇది గరిటె. ఇది గడప. అదిగో వాన, చూడు, వాన... వాడుకలో లేని గొంతు అది. బిగుసుకుపోయిన తలుపును లాగినట్టు ఒక్కో మాటనూ లాగేది. బొంగురుపోయినా ఆపేది కాదు.

పిల్లకు మాట రాలేదు.

ఏడాది తిరక్కుండా ఆమె పోయింది. గుండె అన్నారు. పోయే ముందు నాతో ఒకటే అంది — "ఆలస్యంగా మొదలుపెట్టాను."

మూడేళ్ళ తర్వాత మా అమ్మాయి పిల్లను ఒక పరిశోధన కేంద్రానికి తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. అన్నీ బాగున్న పిల్లల్లో మాట ఎందుకు వెనకబడుతుందో, తల లోపలి బొమ్మలు తీసి వెతుకుతున్నారు. కోత లేదు. సూది లేదు. పెద్ద అయస్కాంతపు యంత్రం, దానికి గుహ లాంటి నోరు. అందులో పడుకోవాలి. కదలకూడదు. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది — నీళ్ళలో నీడలా.

కదలకుండా ఉండటం నేర్పడానికి అక్కడొక ఉత్తుత్తి సొరంగం ఉంది. గుడ్డ గుడారం. నేను చూస్తుండగానే పిల్లలు దాన్ని రెండుసార్లు కూలదోశారు.

యాభై ఏళ్ళ వడ్రంగిని. చూస్తూ ఊరుకోలేకపోయాను. చెక్కతో చేసిస్తానన్నాను.

పరిశోధన నడిపే డాక్టరమ్మ నన్ను అసలు యంత్రం దగ్గరికి తీసుకెళ్ళింది. గుమ్మంలోనే నా టేపు తీసేసుకున్నారు. ఇనుము కదా. జేబులో మేకులు, నడుం బెల్టు, అన్నీ. టేపు లేకుండా కొలవమంటే బట్టల్లేకుండా బజారుకెళ్ళమన్నట్టే. నూలుతాడు అడిగి తీసుకుని, ముడులు వేసుకుంటూ కొలిచాను. నోటి వెడల్పు రెండడుగుల రెండంగుళాలు.

ఇరవై రోజులు చేశాను. సన్న బద్దలు తడిపి వంచాను. లోపల చెయ్యి పెడితే చెంప తాకినట్టుండాలని చిత్రిక పట్టాను. పిల్ల పడుకునే పలక అదరకూడదని కింద రబ్బరు ముక్కలు వేశాను. కిర్రుమనే పని చేస్తే మా గురువు చెవి మెలిపెట్టేవాడు.

అదే నా తప్పు.

నా సొరంగంలో పిల్లలు రాయిలా పడుకున్నారు. స్పీకరులో యంత్రం మోత వినిపించినా కదల్లేదు. అసలు యంత్రంలోకి వెళ్ళగానే ఉలిక్కిపడ్డారు. ఆరుగురు వెళ్ళారు. ఆరు బొమ్మలూ చెదిరాయి.

నన్నెవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ తగిలింది.

నన్ను పడుకోబెట్టండన్నాను. పడుకోబెట్టారు. అప్పుడు తెలిసింది... ఆ మోత చెవితో ఆగదు. పలకలోంచి వస్తుంది. వీపులోకి, పళ్ళలోకి. నేను రబ్బరు వేసి దాన్ని చంపేశాను. పిల్లలకు సగమే నేర్పాను.

రబ్బరు పీకేశాను. కొయ్యసుత్తి పట్టుకుని పక్కన కూర్చున్నాను. టక్ టక్ టక్ — ఆగి — డబడబడబడబ. యంత్రం ఎలా కొడితే అలా కొట్టాను. పలక అదిరింది. పిల్లలు మొదట ఏడ్చారు. తర్వాత నవ్వారు. తర్వాత నిలిచారు.

మా ఉడుత వంతు వచ్చింది.

ఇరవై రెండు నిమిషాలు. గాజు ఇవతల నేను. చేతిలో సుత్తి లేదు. చేయడానికి పని లేదు.

ఒక్క వేలు కదల్లేదు.

ఎక్కడా నిలవకపోయినా, అమ్మమ్మ ఒళ్ళో మాత్రం గంటల తరబడి ఊరకే కూర్చున్న పిల్ల. ఆ నిలకడ ఎక్కడిదో నాకు తెలుసు.

తెర మీద బొమ్మ వచ్చింది. ముడత ముడతా విడిగా... చక్కగా కోసిన దుంగలో వలయాల్లా. యంత్రం నడిపే ఆయన ఈ నెలలో ఇంత శుభ్రమైన బొమ్మ రాలేదన్నాడు. నేను ఎన్నో ద్వారబంధాలు నిలబెట్టాను. దేన్ని చూసీ అంత పొగరు రాలేదు.

పిల్ల బయటికొచ్చింది. మాట కోసం వెతుక్కుంది. నేను తొందరపెట్టలేదు.

"తాతా... నేను... కదల్లే."

నా భార్య తక్కువ మాట్లాడటం వల్లే పిల్లకిలా అయిందా అని డాక్టరమ్మను అడిగాను. బొమ్మ చూసి చెప్పమన్నాను. ఒక్క పిల్ల బొమ్మ చూసి ఏమీ చెప్పలేనంది. వందల బొమ్మలు పక్కపక్కన పెడితేనే ఏదైనా తేడా తెలిసేదట. నాది అయిదో తరగతి చదువు. నాకది తప్పించుకునే మాటలా తోచింది. లేచాను. అప్పుడంది —

"మేస్త్రి గారూ, ఇంట్లో తక్కువ మాట్లాడినందుకు ఇది రాదు. ఆ సంగతి మీ పాప ఇక్కడికి రాకముందే తెలుసు. మీకెవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. నా భార్యకూ ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే మా అక్క ఇంటికి వెళ్ళాను. బొమ్మ అచ్చువేసిన కాగితం ఆమె ముందు పెట్టాను. డాక్టరమ్మ అన్నది అన్నట్టే అప్పజెప్పాను. అక్క కళ్ళజోడు తుడుచుకుని కాగితం చాలాసేపు చూసింది. బొమ్మ బాగుందంది.

"నోటి దురద, అన్నాను. కాదనను. కానీ తమ్ముడూ, నువ్వు అక్కడే ఉన్నావు. పెళ్ళాన్ని వెనకేసుకొచ్చి ఒక్క మాట అన్నావా?"

అనలేదు.

ఆ పూట అక్క నా భార్యను ఆ మాట అన్నప్పుడు నేను అన్నం తింటున్నాను. తింటూనే ఉన్నాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. అక్కను క్షమించలేదు. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. నా తప్పు లెక్క వేరే ఉంది... దానికి తొక్కకుండా ఉండగలిగే గడప లేదు.

సొరంగం అక్కడే ఉంది. నలభై మంది పిల్లలు పడుకుని లేచారట. దాని గురించి ఎవరడిగినా చెబుతాను — బద్దల వంపు, పలక మందం, సుత్తి దెబ్బల వరస. మా ఉడుత బొమ్మ గురించి అడక్కపోయినా చెబుతాను.

ఆ పూట నేను తిన్న అన్నం గురించి మాత్రం అడగొద్దు.

ఒకసారి చెప్పాను.

ఇక చెప్పను.