లిఫ్టులోంచి లేచిన చెయ్యి

మతి చెదిరిన మనిషి తలుపు ముందుగా ఎవరు తట్టాలి, లాఠీ పట్టుకున్న పోలీసా, వట్టి చేతులతో వచ్చే నర్సా? ఆ సాయంత్రం తేలవలసిన సంగతి అదొక్కటే. ఆ పాత మేడలో కాపురముంటున్న వాళ్లంతా కింద హాల్లో చేరి, తేల్చడం మాని తిట్టుకుంటున్నారు. కొత్త పద్ధతి ప్రకారం నర్సు ముందు నడవాలి, పోలీసులు వెనక ఆగాలి, వినబడే గొంతు నర్సుదొక్కటే కావాలి. కాపురస్థులు చేతులెత్తితే అది అమలవుతుంది. వాళ్ల అభిప్రాయాలు వినడానికి, ఆ పద్ధతికి సరేనన్న ఇన్‌స్పెక్టరూ నర్సమ్మా ముందు వరసలో కూర్చున్నారు.

రెండో అంతస్తులో బట్టలు కుట్టి బతికే మిషనక్కకు అది తోడబుట్టినవాడి సంగతి. ఆమె దగ్గరే ఉండే తమ్ముడు బడిలో డ్రాయింగు మాస్టారు. నిరుడు అతని మనసు అదుపు తప్పినప్పుడు ఎవరో ఫోను చేస్తే కానిస్టేబుళ్లు వచ్చి ఈడ్చుకుపోయారు. ఆ పెనుగులాటలో బొమ్మలు గీసే మణికట్టు విరిగింది. అతికింది గాని వంకరగా అతికింది. నేరం చేసినవాడికైనా విచారణ ఉంటుంది. జబ్బు చేసినవాడికి అదీ లేకపోయింది.

"నర్సమ్మ వచ్చి జోల పాడుతుందా? కత్తి పట్టుకున్నవాడికి లాఠీయే మందు," అన్నాడు మేడ సెక్రటరీ.

"కత్తెక్కడిదయ్యా? ఆరోజు వాడి చేతిలో ఉన్నది కుంచె. ముందు నీ కళ్లజోడు మార్పించుకో!" అంది మూడో అంతస్తు పిన్ని. ఆమె గొంతుకు మైకు దండగ.

"ఇంట్లో పసివాళ్లున్నారు. మాకు భయముండదా?" అన్నాడు సెక్రటరీ.

మిషనక్క లేచింది. "ఉంటుంది బాబాయ్, కాదన్ను. కానీ వాడి భయం మీ అందరి భయం కన్నా పెద్దది."

ఆ మాట పూర్తయిందో లేదో, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా! మాస్టారు గేటు ముందు పోలీసు జీపు చూశారు. లిఫ్టులో దూరి మధ్యలో ఆపేశారు! దగ్గరికొస్తే తల బద్దలు కొట్టుకుంటానంటున్నారు!"

హాలంతా ఒక్క ఉదుటున మెట్లెక్కింది. ఒకటో అంతస్తుకు కాస్త పైన వేలాడుతున్న లిఫ్టు కటకటాల వెనక, మోకాళ్లు కావలించుకుని వణుకుతున్నాడు తమ్ముడు.

"గునపం తెండి, విరగ్గొడదాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మిషనక్క అడ్డం నిలబడింది. "చేతులెత్తకముందే పరీక్షొచ్చింది సార్. కింద చెప్పిన మాట పైకొచ్చేసరికి మారిపోతుందా?"

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. లాఠీ గోడకు ఆనించి, మెట్టు మీద చతికిలబడ్డాడు.

నర్సమ్మ పెదాల మీద వేలు పెట్టింది. తుమ్మినా మూడిళ్ల వాళ్లు చిరంజీవ అనే ఆ మేడ నోరు మూసుకుంది. పిన్ని అయితే రెండు చేతులతో మూసుకుంది.

"మాస్టారూ, నేనొక్కదాన్నే మాట్లాడతాను..."

లోపలి నుంచి ధన్, ధన్ మని తల కొట్టుకునే మోత మొదలైంది. "ఏరీ వీళ్లంతా? మాటల్లేవేం? మళ్లీ తలుపులేసుకున్నారా?"

మిషనక్కకు అప్పుడు గుర్తొచ్చింది. నిజమే! అతన్ని ఈడ్చుకుపోయిన రోజునే ఈ మేడ ఇంత నిశ్శబ్దంగా ఉంది. ప్రతి తలుపూ మూసుకుంది, ప్రతి నోరూ మూసుకుంది.

"నర్సమ్మా, ఒక్క గొంతు వద్దు! ఆరోజు కూడా ఇలాగే చడీచప్పుడూ లేకుండా దాక్కున్నారు. వాణ్ణి భయపెడుతున్నది ఇదే. వీళ్లని మాట్లాడనివ్వండి!"

నర్సమ్మ వెనక్కి తిరిగి, "కింద ఆపిన పోట్లాట కానివ్వండి!" అంది.

పిన్నికి అంతకన్నా ఏం కావాలి? "ఏమయ్యా సెక్రటరీ! లాఠీతో జబ్బులు కుదిరేటట్టయితే, మీ ఆవిడ నీ గురకకు ఎప్పుడో వైద్యం చేసి ఉండేది!"

"నా గురక సంగతి ఇప్పుడెందుకమ్మా? నేను గురక పెట్టను!"

మోత ఆగింది. కటకటాల వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది. "పెడతారు. మా ఇంట్లోకి వినిపిస్తుంది."

మెట్లన్నీ గొల్లున నవ్వాయి. ఇన్‌స్పెక్టరు కూడా మీసాల చాటున నవ్వాడు.

"నా గురించేగా ఈ మీటింగు? నన్నడగరేం?"

నవ్వు తెగిపోయింది. ఇంతమందిలో ఆ ముక్క ఒక్కరికీ తట్టలేదు; అక్కకూ తట్టలేదు.

"అడుగుతున్నాం మాస్టారూ," అంది నర్సమ్మ. "చెప్పండి."

"ముందు నువ్వే రావాలి. జీపు గేటు ముందుండకూడదు, వీధి చివర ఉండాలి. అక్క నా చెయ్యి పట్టుకోవాలి. వీళ్లెవరూ తలుపులేసుకోకూడదు."

ఇన్‌స్పెక్టరు లాఠీ అక్కడే వదిలి కిందికి దిగాడు. కాసేపటికి జీపు చప్పుడు దూరమైంది.

"ఇంకా చూస్తారేం? మాస్టారు చెప్పినట్టే కావాలనేవాళ్లు చేతులెత్తండి!" అని కేక పెట్టింది పిన్ని. మెట్ల పొడుగునా చేతులు లేచాయి. అంతలో కటకటాల సందులోంచి వంకర మణికట్టు ఒకటి బయటికి వచ్చి, అన్నిటికన్నా ఎత్తున నిలిచింది.

"హాల్లో ఎత్తితేనే లెక్క. రూలు ప్రకారం..." అనబోయి సెక్రటరీ ఆ మణికట్టు చూశాడు. నిరుడు ఫోను చేసింది అతనే. 

మిషనక్క ముందుకు ఉరికి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మాయ్, నీ ఓటేదే? నువ్వు చెయ్యెత్తలేదు!"

"ఎత్తాను పిన్నీ," అంది మిషనక్క, నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో. "వాడి చేతిలో ఉంది చూడు!"

ఆ చెయ్యి మెల్లగా లోపలికి వెళ్లింది; లిఫ్టును ఆపిన ఎర్ర మీట టక్కుమంది. లిఫ్టు కిర్రుమంటూ కిందికి కదిలింది.